గల్ఫ్ కాదు, గోల్ఫే!

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నేను హైస్కూలు టీచర్ని, మూడేళ్లలో రిటైరవుతాను. మా అబ్బాయి ఈ ఏడాదే నైర వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాడు. బ్యాంకు ఏఎఫ్‌ఓ (వ్యవసాయ అధికారి) పరీక్షకు కూర్చుంటాడనుకుంటే, బెంగళూరు దగ్గర ఒక గోల్ఫ్ కోర్సులో, అంటే గోల్ఫ్ ఆడే మైదానంలో, గడ్డి చూసుకునే ట్రైనీగా చేరతానంటున్నాడు. జీతం 18 వేలు. ‘ఆ పనిలో తృప్తి ఉంది నాన్నా’ అంటాడు. ఊళ్లో చెబితే గల్ఫ్ వెళ్తున్నాడనుకుంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, ‘గడ్డి చూసుకునే’ అని కాస్త తేలిగ్గా రాశారు. ఆ గడ్డి సంగతి ముందు చెప్పనివ్వండి. అది మన పొలం గట్ల మీద గరికే. వినాయక చవితికి కోసుకొచ్చేదే, మిగతా రోజుల్లో పీకి పారేసేదే. దాన్ని ఆఫ్రికా గరికతో కలిపి తీసిన సంకర రకాలను వేడి ప్రాంతాల గోల్ఫ్ కోర్సుల్లో వేస్తారు. బంతిని గుంతలోకి కొట్టే చోటుని గ్రీన్ అంటారు. అక్కడ గరికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించాలి, అయినా అది చావకూడదు! పద్ధతిగా కట్టిన గ్రీన్ కింద అడుగు మందాన ఇసుక పొర, దాని కింద కంకర, ఆ కింద నీరు పోయే గొట్టాలు ఉంటాయి. ఇసుకలో ఎరువు నిలవదు కాబట్టి కొంచెం కొంచెంగా తరచూ వేయాలి. తడి ఎక్కువైతే బూజు తెగులు, తగ్గితే ఒక్క ఎండకే మాడిపోతుంది. వేళ్లకు గాలి ఆడేలా నేలంతా రంధ్రాలు పొడిచి ఇసుక చల్లుతారు. ఇక తుంగ సంగతి మీకు చెప్పక్కర్లేదు, అది అక్కడా వదలదు. కాబట్టి నాలుగేళ్ల చదువు గంగలో కలిసిందని మాత్రం అనుకోకండి. నేల, తెగుళ్లు, కలుపు అంటూ చదివిందంతా అక్కడ రోజూ పనికొస్తుంది.

ఇక తృప్తి. అది ఆటలోనా, గడ్డిలోనా అని అబ్బాయిని అడగండి. ఆట మీద మోజుతో ఇందులోకి వెళ్తే నిరాశే. ఆడేవాళ్లు వచ్చేసరికి గ్రీన్లు తయారుగా ఉండాలి కాబట్టి చీకటితోనే పని మొదలవుతుంది. జనానికి సెలవంటే వీళ్లకు ఇంకా ఎక్కువ పని. మే నెల ఎండలో పైపు పట్టుకుని నిలబడ్డాక కూడా మర్నాడు గ్రీన్ ఎలా ఉందో చూడాలని మనసు లాగితే, అదీ తృప్తంటే. చేరేముందు ఇద్దరూ విశాఖ వెళ్లి, ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో అనుమతి అడిగి, మైదానం పనివాళ్లతో ఒక పూట గడపండి. నా మాటకన్నా అది నయం.

రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే గ్రీన్‌కీపర్ కొడుకు చౌరాసియా 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ పోటీ గెలిచాడని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ అది ఆటగాడి కథ. మీవాడికి దానితో పని లేదు.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. ఏఎఫ్‌ఓకి మూలవేతనమే 48,480 రూపాయలు, అలవెన్సులు వేరే. తేడా చిన్నది కాదు. కొడుకు తృప్తికి ఖర్చు తండ్రి పెన్షన్ మీద పడితే నేను ఒప్పుకోను. విద్యారుణం, చెల్లెలి పెళ్లి లాంటి బరువులుంటే ఈ ఏడాది పరీక్షే రాయమనండి. అలాంటివి లేకపోతే నేను పంపమనే అంటాను, ఒక షరతు మీద: రెండేళ్లు ఆ 18 వేలతోనే బతకాలి, ఇంటి నుంచి రూపాయి అడగకూడదు. మీరూ వాడి నుంచి ఆశించకండి. ఏఎఫ్‌ఓకి వయోపరిమితి 30 ఏళ్లు, బీసీలకు 33. ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోదు. అయితే పుస్తకం వదిలేసి రెండేళ్లయ్యాక మళ్లీ పరీక్షకు కూర్చోవడం కష్టం, ఆ మాట అబ్బాయికి దాచకుండా చెప్పండి.

పైకి ఎదిగే దారి ఉంది, సన్నగా ఉంది. సూపర్‌వైజర్, అసిస్టెంట్ సూపరింటెండెంట్, ఆపైన మైదానం మొత్తానికి బాధ్యుడైన సూపరింటెండెంట్. ఒక కోర్సుకి ఒక్కడే సూపరింటెండెంట్, దేశంలో కోర్సులు తక్కువ. పైవాడు కదిలితే గానీ కిందివాడికి చోటు రాదు. అందుకే అనుభవం వచ్చాక చాలామంది బయటి దేశాల వైపు చూస్తారు. ఎడారిలో పచ్చిక పెంచి దుబాయ్‌లో ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ తెరిచింది 1988లో. అలాంటి చోట్ల గడ్డి తెలిసినవాడి అవసరం ఎప్పుడూ ఉంటుంది. మీ ఊరివాళ్ల మాట నాలుగేళ్లకు నిజమైనా ఆశ్చర్యం లేదు.

సంతకం పెట్టేముందు ఆఫర్ లెటర్ మీరే చదవండి. 18 వేలు పీఎఫ్ పోనా, పోకముందా? బస, భోజనం వాళ్లదేనా? ట్రైనీ కాలం ఎన్ని నెలలో రాశారా? పని నేర్పే సూపరింటెండెంట్ రోజూ కోర్సులో ఉంటాడా? ఈ ఆఖరి ప్రశ్నకు ‘లేడు’ అని తేలితే వద్దనండి. నేర్పేవాడు లేనిచోట 18 వేలకు చేసేది కూలిపనే అవుతుంది.