మూడు డోసులు వేయించినా రోటా వచ్చింది, స్ట్రెయిన్ వేరైతే చుక్కలు వృథాయేనా?

అమ్మా, మీరు రాసింది చదివాను. చీపురుపల్లిలో ఉంటున్నారు, బాబుకి 14 నెలలు, పసిపిల్లల్లో విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కి నోట్లో వేసే టీకా చుక్కలు మూడు డోసులూ పడ్డాయి. అయినా సంక్రాంతి ముందు విరేచనాలు పట్టుకుంటే పరీక్షలో రోటా పాజిటివ్ వచ్చింది. నిన్నటి నుంచి మళ్లీ మొదలయ్యాయి. "వేసిన చుక్కలు ఒక స్ట్రెయిన్‌కి (అంటే వైరస్‌లో ఒక రకానికి), మన దగ్గర తిరిగేది ఇంకోటి, అంతా వృథా" అని ఎవరో అన్నారు. స్ట్రెయిన్ టెస్టు చేయించాలా, ప్రైవేటులో వేరే టీకా వేయించాలా అని టెన్షన్ పడుతున్నారు.

రెండూ అక్కర్లేదు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఏఎన్ఎంని. 2016లో ఈ చుక్కలు ప్రభుత్వ టీకాల్లో చేరినప్పుడు మొదట మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. అప్పటి నుంచి బుధవారం, శనివారం టీకాల రోజుల్లో వేస్తూనే ఉన్నాను. అంతకుముందు చలికాలం వస్తే కళ్లు లోపలికి పోయి, మెడ వాల్చేసిన పసిపిల్లల్ని ఆటోల్లో ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లం. మా ఊళ్లలో ఇప్పుడు అలాంటివి బాగా తగ్గాయి. చుక్కలు వృథా అంటే నేను ఒప్పుకోను.

రకాలు చాలా ఉన్నాయన్నది మాత్రం నిజమే. ఈ వైరస్ పైపొర మీద ఉండే రెండు ప్రొటీన్లను బట్టి ఒక జీ నంబరు, ఒక పీ నంబరు ఇస్తారు. జీ1పీ8, జీ2పీ4, జీ9పీ8, జీ12, ఈమధ్య ఏళ్లలో జీ3పీ8, ఇలా మన దేశంలో ఎన్నో తిరుగుతున్నాయి. ఒక ఏడాది ఎక్కువగా కనిపించినది ఇంకో ఏడాది వెనకబడుతుంది. వైరస్ జన్యు పదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. ఒకే బిడ్డ పేగుల్లోకి రెండు రకాలు ఒకేసారి చేరితే ఆ ముక్కలు కలగలిసి కొత్త జత తయారవుతుంది. మన దగ్గర అలా రెండూ కలిసి అంటుకోవడం అరుదేమీ కాదు. పశువుల్లో ఉండే రకాల ముక్కలు కూడా పిల్లల వైరస్‌లలో దొరికాయి.

మరి ఒక్క రకంతో చేసిన చుక్కలు ఎలా పనిచేస్తాయి? హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్ సంగతే చూడండి. దాని మూలం 116ఈ అనే రకం, జీ9పీ11. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్లో దొరికింది. వాళ్లకి అది సోకినా విరేచనాలు కాలేదు. జీ9 బయట కూడా తిరుగుతుంది గానీ, పీ11 మాత్రం బయట తిరిగే రకాల్లో మామూలుగా కనిపించదు. అయినా ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో పరీక్షించినప్పుడు వేరే రకాల మీదా పనిచేసింది. మొదటి ఏడాదిలో తీవ్రమైన రోటా విరేచనాల నుంచి రక్షణ సుమారు 56 శాతం. అంటే జబ్బు అసలు రాదని కాదు, ప్రాణం మీదికి తెచ్చేంతగా వచ్చే అవకాశం తగ్గుతుంది. తల్లులకి ఈ మాట మేము చుక్కలు వేసేటప్పుడే విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే ఇదిగో, ఇలాంటి అపోహలే పుడతాయి.

టీకా సంగతి అలా ఉంచండి, జబ్బు వచ్చి పోయినా పూర్తి రక్షణ రాదు. వెల్లూరులో 373 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లు గమనించారు. మూడుసార్లు సోకాక కూడా మధ్యస్థ, తీవ్ర జబ్బు నుంచి రక్షణ 79 శాతమే. ఒకసారి వచ్చిన రకమే మళ్లీ రావడమూ చూశారు. కాబట్టి మీ బాబుకి మళ్లీ వచ్చిందంటే స్ట్రెయిన్ మారిందనే అనుకోనక్కర్లేదు. అసలు ఈసారి వచ్చింది రోటాయేనని కూడా చెప్పలేం. మా మనవరాలికి చుక్కలన్నీ పడ్డాక రెండుసార్లు పాజిటివ్ వచ్చింది. మొదటిసారి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది, రెండోసారి ఇంట్లోనే ఓఆర్ఎస్‌తో తేరుకుంది.

మన ఆసుపత్రుల్లో చేసే మలపరీక్ష రోటా ఉందా లేదా అన్నదే చెబుతుంది. రకం తేల్చేది వెల్లూరు సీఎంసీ లాంటి పెద్ద ల్యాబుల్లో, దేశంలో ఏ రకం పెరుగుతోందో కనిపెట్టడానికి. రకం తెలిసినా వైద్యం మారదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఓఆర్ఎస్, జింక్. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే కొనండి, తీపి డ్రింకులు వద్దు. ప్యాకెట్ మీద చెప్పినన్ని నీళ్లలోనే కలపండి. విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి. జింక్ 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, విరేచనాలు ఆగినా సరే 14 రోజులూ వేయండి. చాలామంది మూడోరోజుకే ఆపేస్తారు. తల్లిపాలు, జావ, పెరుగన్నం మానొద్దు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ సిరప్ మాత్రం ముట్టుకోకండి, వైరస్ మీద అది పనిచేయదు. బాబు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు పీక్కుపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

బాబుకి మూడు డోసులూ అయిపోయాయి, ఇక వేరే టీకా అవసరం లేదు. మీ చెల్లెలి పాపకి ఆరు వారాలు నిండాయన్నారు కదా, ఆమెకి ఆలస్యం చేయకండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేయిస్తే సరి. మా ఇచ్ఛాపురం వైపు పుట్టింటికి వచ్చినవాళ్లు ఒక డోసు ఒడిశాలో, మిగతావి ఇక్కడ వేయిస్తుంటారు. కంపెనీ మారినా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, కార్డు తెస్తే చాలు.

పొద్దున్నుంచి బాబు ఎన్నిసార్లు ఉచ్చ పోశాడో కింద రాయండి. ఆరు గంటలుగా పోయకపోతే నా జవాబు కోసం చూడకుండా బయల్దేరండి.