మీ ప్రశ్న – మా జవాబు: కెనడా పిలుపు ఎప్పుడొస్తుంది?

ప్రశ్న (సెప్టెంబర్ 2021): మేడం, కూకట్‌పల్లిలో ఉంటా, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కెనడా పీఆర్‌కి (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (స్కోరు చూసి పిలిచే పద్ధతి) ప్రొఫైల్ పెట్టా, స్కోరు 471, డిసెంబర్ 23 డ్రాలో (స్కోరు వరసలో పిలిచే విడత) 468 దాకా పిలిచారు కదా, వచ్చేస్తుందనుకున్నా, ఒక్క పిలుపూ లేదు. ఇంతలో 30 నిండాయి, 5 పాయింట్లు పోయాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆగాలా, వదిలేయాలా?

జవాబు: తమ్ముడూ, తేడా నీ స్కోర్లో లేదు. కరోనాకి బోర్డర్లు మూసేసి కూడా కెనడావాళ్లు ఈ ఏడాది 4,01,000 మందికి పీఆర్ ఇస్తామన్నారు, బయటివాళ్లని రప్పించలేక అక్కడే పనిచేస్తున్నవాళ్లని తీసుకున్నారు, ఫిబ్రవరి 13న 75 స్కోరుకే 27,332 మందిని పిలిచారంటే చూడు (నాకే ఒళ్లు మండింది). నీలాంటివాళ్ల డ్రాలు మళ్లీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, గ్యారంటీ అనే కన్సల్టెంట్‌కి పైసా ఇవ్వకు. ప్రొఫైల్ ఏడాదికి, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోరు రెండేళ్లకి ఎక్స్‌పైర్ అవుతాయి, డేట్లు చూస్కో. ప్రావిన్స్ నామినేషన్ (అక్కడి ఏదో ఒక రాష్ట్రం నిన్ను ఎంచుకోవడం) దొరికితే 600 పాయింట్లు, వయసు గొడవే ఉండదు, అదే గట్టిగా ట్రై చెయ్. పెళ్లైతే ప్రొఫైల్లో భార్య వివరాలు కలపాలి, స్కోరు మారుతుంది, అమ్మాయివాళ్లకి మాత్రం వీసా వచ్చేసినట్టు చెప్పొద్దు. ఉద్యోగం మారాలనుంటే మారిపో, దానికి కెనడా అడ్డం కాదు.