అత్యాచారం కేసులో మొదటిసారి ముద్దాయి పక్షాన నిలబడుతున్న నా జూనియర్‌కు

చిరంజీవికి ఆశీస్సులు.

అత్యాచారం కేసులో మొదటిసారి ముద్దాయి తరఫున వకాల్తా వేశావని, అతడు నిర్దోషి అన్న నమ్మకం నీకు గట్టిగా కుదిరిందని, ఫిర్యాది ఆడుతున్న అబద్ధాన్ని కోర్టులో బట్టబయలు చేసి తీరతానని రాశావు. మొదటి రెండు మాటలకు సంతోషించాను. మూడో మాట దగ్గర ఆగిపోయాను. ఆమె అబద్ధం ఆడుతోందని నీకెలా తెలిసింది? నీ క్లయింటు నేరం చేయలేదన్నది ఒక సంగతి, ఆమె కల్పించి చెబుతోందన్నది వేరొక సంగతి. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కానక్కర్లేదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఒక మనిషి నాలుగేళ్లు జైల్లో మగ్గడానికి నేను కారణమయ్యాను కనుక ఇంత నిక్కచ్చిగా అడుగుతున్నాను.

ఆ కేసు గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. దీపాలు వెలగని దారిలో ఒక యువతిపై దాడి జరిగింది. పది రోజుల తర్వాత గుర్తింపు పెరేడ్‌లో ఆమె నా క్లయింటును చూపించింది. నేను గంటన్నర సేపు గొంతు పెంచి క్రాస్ ఎగ్జామినేషన్ చేశాను. అతడితో ఏ పాత పగ ఉందని, ఎవరు నేర్పితే ఇలా చెబుతున్నావని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా జడ్జిగారి వైపు తిరిగి, "నేను అబద్ధం చెప్పట్లేదండీ" అని ఒక్క మాట అంది. ఆ హాలులో ఆమెను నమ్మని వారు ఒక్కరూ లేరు, నాతో సహా. ఆమె చెప్పింది నిజమే, దాడి జరిగింది. దాడి చేసింది ఇతడేనని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. నేను అడగవలసింది ఆ దారిలో వెలుగు ఎంత ఉంది, ముఖం ఎంతసేపు కనబడింది, పెరేడ్‌కు ముందు ఎవరైనా ఫోటో చూపించారా అని. అవేవీ అడగలేదు. శిక్ష పడింది.

అప్పీలు పని మీద జైలుకు మూడోసారి వెళ్లినప్పుడు అతడు ఏదో మాటల్లో, "ఆ రోజు నేల కాలిపోతోంది సార్, నా ఒక్కడికే చెప్పుల్లేవు" అన్నాడు. పెరేడ్‌లో నిలబెట్టిన ఏడుగురిలో ఆరుగురు బయటి నుంచి పిలిపించినవారు, అందరి కాళ్లకూ చెప్పులో బూట్లో ఉన్నాయి. ఇతడిని మాత్రం వట్టికాళ్లతో తెచ్చి వరుసలో నిలబెట్టారు. పోలీసులు పట్టుకున్న మనిషి ఎవరో చెప్పడానికి దాడి జరిగిన రాత్రి అక్కడ ఉండనక్కర్లేదు. తిరిగి వచ్చి ఫైలు తీస్తే, అడుగుజాడలతో పోల్చడానికి అతడి చెప్పుల జతను స్వాధీనం చేసుకున్నట్టు అరెస్టు నాటి పంచనామాలో స్పష్టంగా రాసి ఉంది. ఆ కాగితం మొదటి నుంచీ నా బల్ల మీదే ఉంది. ఇంకొకరి అబద్ధాన్ని వెతికే హడావిడిలో నేను దాన్ని చదవలేదు.

ఇది నా ఒక్కడి అనుభవం అయితే నీకు రాసేవాణ్ని కాదు. అమెరికాలో 1989 నుంచి 2020 దాకా డీఎన్ఏ పరీక్షల వల్ల నిర్దోషులుగా తేలిన 375 మంది కేసులను, పొరపాటున శిక్షపడినవారి కోసం పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ సంస్థ లెక్క కడితే, వాటిలో దాదాపు 69 శాతం కేసుల్లో ప్రత్యక్ష సాక్షి పొరపాటుగా వేరొకరిని గుర్తించడం కనిపించింది. ఆ కేసుల్లో ఎక్కువ భాగం లైంగిక నేరాలే. నార్త్ కరోలినాలో 1984లో జరిగిన రొనాల్డ్ కాటన్ కేసును శ్రద్ధగా చదువు. బాధితురాలు దాడి జరుగుతున్నంతసేపూ, తర్వాత గుర్తుపట్టాలన్న పట్టుదలతో, ఆ ముఖాన్ని కళ్లలో నింపుకుంది. ఫోటోల వరుసలో కొన్ని నిమిషాలు చూసి కాటన్‌ను ఎంచింది. తర్వాత మనుషులను నిలబెట్టి చూపించిన వరుసలోనూ అతడినే చూపింది. ఫోటోల్లోనూ ఈ వరుసలోనూ ఉన్నది కాటన్ ఒక్కడే. నువ్వు ఫోటోల్లో ఎంచింది కూడా ఇతడినే అని పోలీసులు చెప్పేసరికి, తటపటాయింపుగా మొదలైనది తిరుగులేని నమ్మకంగా గట్టిపడింది. అసలు నేరస్థుడు బాబీ పూల్‌ను 1987 విచారణలో ఎదురుగా నిలబెడితే, ఇతడిని ఎన్నడూ చూడలేదని ఆమె చెప్పింది. పదేళ్లకు పైగా జైల్లో గడిపాక 1995లో డీఎన్ఏ వల్ల కాటన్ బయటపడ్డాడు. ఆ కేసులో అబద్ధం చెప్పిన బాధితురాలు లేదు. అలాంటి సాక్షిని దబాయించే లాయరు తన క్లయింటు మెడకు తానే ఉరి బిగిస్తాడు, ఎందుకంటే ఆమె నిజాయతీ ఎంత బాగా రుజువైతే పొరపాటు అంత నమ్మదగినదిగా కనిపిస్తుంది.

కనుక నీ మొదటి పని ఫైలును తేదీల వారీగా పేర్చుకోవడం. ఆమె మొదటి వాంగ్మూలంలో దుండగుడి వర్ణన ఎలా ఉంది, రెండో దాంట్లో ఏం చేరింది, ఆ చేరిక పెరేడ్‌కు ముందు జరిగిందా తర్వాతా అని పక్కపక్కన రాసుకో. జ్ఞాపకం కాలంతో తనంతట తానూ మారుతుంది, ఎవరో ఏదో చెప్పాక ఇంకా మారుతుంది. అలా ఎవరైనా చెప్పారా, చెబితే ఎవరు, ఎప్పుడు అని కనిపెట్టడమే నీ క్రాస్. ఆండ్రూ మాల్కిన్సన్ అనే అతడి మీద నడిచిన అత్యాచారం కేసులో దుండగుడి ముఖం మీద లోతుగా గీరానని బాధితురాలు చెప్పింది, మాల్కిన్సన్ ముఖం మీద గీరిన గుర్తు ఏదీ లేదు. ఇంగ్లండులో 2004లో అతడికి శిక్ష పడింది. అతడిది కాని మగవాడి డీఎన్ఏ సాక్ష్యాల్లో ఉందని 2007లోనే అధికారులకు తెలిసినా, శిక్ష రద్దయ్యేసరికి 2023 జూలై వచ్చింది. అతడిని గుర్తించిన ఇద్దరు ప్రత్యక్ష సాక్షుల పాత నేరచరిత్రను డిఫెన్స్‌కు చెప్పనేలేదు. ప్రాసిక్యూషన్ ఇచ్చిన కాగితాలతో సరిపెట్టుకోకు. ఇవ్వని కాగితాల జాబితా నువ్వే తయారు చేసి, లిఖితపూర్వకంగా అడిగి, ఇవ్వకపోతే ఆ నిరాకరణ కూడా రికార్డులోకి ఎక్కేలా చూడు.

అలాగని కల్పించిన ఆరోపణలు అసలే ఉండవని నేను అనడం లేదు. ఉంటాయి, వాటి వల్ల బతుకులు బుగ్గిపాలైన సంగతి నీకూ తెలుసు. డీఎన్ఏ వల్ల అమెరికాలో మొట్టమొదట నిర్దోషిగా తేలిన గ్యారీ డాట్సన్ మీద 1977లో వచ్చిన ఫిర్యాదు అలాంటిదే. స్నేహితుడి వల్ల గర్భం వచ్చిందేమో అన్న భయంతో ఆ అమ్మాయి కథ అల్లింది. 1985లో తానే ముందుకొచ్చి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నా జడ్జి ఆమెను నమ్మలేదు. 1989లో డీఎన్ఏ చెబితే తప్ప కేసు వీడలేదు. ఇందులో నీకు పనికొచ్చే వివరం ఒకటుంది. ఆమె దుస్తుల మీది మరకలో బీ రక్తపు గ్రూపు గుర్తులు దొరికాయని, డాట్సన్‌దీ అదే గ్రూపని నిపుణుడు చెప్పాడు గానీ, ఆమెదీ బీ గ్రూపే కాబట్టి ఆ గుర్తులు ఆమెవే కావచ్చన్న మాట చెప్పలేదు. నిపుణుడు చెప్పినదాన్ని ఖండించడం కన్నా, చెప్పక వదిలేసినదాన్ని అడగడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. డీఎన్ఏ కలిసినంత మాత్రాన కలయిక జరిగిందని తెలుస్తుందే తప్ప ఇష్టంతో జరిగిందో లేదో తెలియదన్న సంగతి కూడా, ల్యాబ్ రిపోర్టు చూసి బెదిరిపోయే ముందు గుర్తు తెచ్చుకో.

కల్పితమని నిజంగా అనుమానం కలిగితే దాన్ని ఆమె నడవడికలో వెతకకు, కాగితాల్లో, మెసేజీల్లో, కాల్ రికార్డుల్లో వెతుకు. లండన్‌లో 2017లో ఒక విద్యార్థి మీద కేసు విచారణ మధ్యలో కూలిపోయింది. ఫిర్యాది ఫోనులోని 40,000కు పైగా మెసేజీలు పోలీసుల దగ్గరే ఉన్నా, పట్టుబట్టి అడిగేదాకా డిఫెన్స్ చేతికి రాలేదు. ఆ మెసేజీలు చేసిన పనిని ఏ దబాయింపూ చేయలేదు. ఫిర్యాదు ఆలస్యమైందని, ఒంటి మీద గాయాలు లేవని, ఆమె గట్టిగా కేకలు వేయలేదని వాదన మొత్తాన్ని వాటి మీద నిలబెట్టకు. నిజంగా దాడికి గురైనవారిలోనూ చాలామంది ఆలస్యంగా చెబుతారు, కొయ్యబారిపోతారు. ఈ సంగతి ఇప్పుడు జడ్జీలకు బాగా తెలుసు. దుస్తుల గురించి, స్నేహాల గురించి అడిగే లాయర్లను నేను చాలామందిని చూశాను. అవి గ్యాలరీని నవ్వించే ప్రశ్నలు, కేసు గెలిపించేవి కావు, పైగా నా దృష్టిలో సిగ్గుమాలినవి.

క్లయింటు కుటుంబానికి మొదటి రోజే కచ్చితంగా చెప్పు: ఆమె ఇంటికి ఎవరూ వెళ్లకూడదు, పెద్దమనుషులను పంపకూడదు, రాజీ మాట ఎత్తకూడదు. మంచి ఉద్దేశంతో చేసిన ఒక్క ఫోను కూడా సాక్షిని బెదిరించిన కేసుగా మారి బెయిలును మింగేస్తుంది. ఆమె పేరునో ఫోటోనో ఎక్కడా పెట్టకూడదు, చాలాచోట్ల అదే వేరొక నేరం. ఫోనులో ఒక్క అక్షరం చెరపకూడదు. పరువు తీసే చాటింగ్ అయినా సరే, చెరిపితే నేరం చేశాడనడానికి అదే సాక్ష్యం అవుతుంది. సీసీ కెమెరాల రికార్డింగ్ కొద్ది రోజుల్లోనే దానంతటది చెరిగిపోతుంది కనుక భద్రపరచమని ఆ వారంలోనే నోటీసు ఇవ్వాలి. నిందితుడి చేత ఆ రోజు పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా గంటగంటకూ ఏం చేశాడో రాయించు, పనికిరాదనుకున్నది కూడా. చెప్పుల మాట నాకు అలాగే దొరికింది.

పోలీసుల ముందు ఒప్పుకున్నాడని ఎవరైనా అంటే, ఎన్ని గంటల తర్వాత ఒప్పుకున్నాడో మొదట అడుగు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ అత్యాచారం కేసులో 1989లో పట్టుబడిన ఐదుగురూ 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు. నలుగురి ఒప్పుకోలు వీడియోలో ఉంది గానీ కెమెరా పెట్టకముందు గంటల తరబడి జరిగిన ప్రశ్నల పర్వం అందులో లేదు. ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన కూడా లేదు. అసలు నేరస్థుడు ఒప్పుకుని, అతడి డీఎన్ఏ కలిశాక 2002లో ఆ శిక్షలు రద్దయ్యాయి.

నేరం ఒప్పుకుంటే తక్కువ శిక్షతో బయటపడవచ్చన్న బేరం వచ్చినప్పుడు తొందరపడి సలహా ఇవ్వకు. కాలిఫోర్నియాలో 2002లో పదహారేళ్ల వయసులో నిందితుడైన బ్రయాన్ బ్యాంక్స్ అనే కుర్రాడికి ఎదురైనది అదే. విచారణకు వెళితే 41 ఏళ్లకు పైగా శిక్ష పడవచ్చని భయపెడితే, ఆరోపణను ఎదిరించనని చెప్పి ఐదేళ్లకు పైగా జైలు అనుభవించాడు. ఆరోపించిన అమ్మాయి తర్వాత తానే అతడిని సంప్రదించి, ఏమీ జరగలేదని ఒప్పుకుంది. 2012లో శిక్ష రద్దయింది. ఒప్పుకున్నాక అప్పీలు దారి ఎంత ఇరుకైపోతుందో, లైంగిక నేరస్థుడన్న ముద్ర ఎన్నాళ్లు వెంటాడుతుందో పూర్తిగా వివరించాకే సంతకం అడుగు. తుది మాట అతడిదే ఉండాలి, నీ ఫీజుదీ నీ తీరికదీ కాదు.

శిక్ష పడితే అప్పీలు వేసి చేతులు దులుపుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్ కేసులో 2000లో అరెస్టయిన మనిషిని అలహాబాద్ హైకోర్టు 2021లో నిర్దోషిగా వదిలింది. అతడి అప్పీలు లోపాలున్న దరఖాస్తుగా రిజిస్ట్రీలో 16 ఏళ్లు పడి ఉంది. విజయవాడలో 2007లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్యాచారం కేసులో 2010లో శిక్ష పడిన యువకుడిని హైకోర్టు 2017లో నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. జైల్లో గడిచిన ఏళ్లకు లక్ష రూపాయలు! అప్పీలు నంబరు పడిందా, అభ్యంతరాలు తీరాయా అని నెలనెలా క్లర్కును కాదు, నువ్వే వెళ్లి చూడు. తప్పు ఒప్పుకున్న ఖైదీకి ముందే విడుదల దొరకవచ్చని, నిర్దోషినన్న మాట మీద నిలబడ్డవాడు లోపలే ఉండిపోవచ్చని క్లయింటుకు ముందుగానే చెప్పు. మాల్కిన్సన్ ఒప్పుకుని ఉంటే దాదాపు పదేళ్ల ముందే బయటికి వచ్చేవాడు.

అన్నిటికన్నా తొందరగా చేయవలసినది ఒకటి మిగిలింది. నమూనాలు, దుస్తులు, స్లైడ్లు ధ్వంసం చేయకుండా భద్రపరచమని కోర్టును ఇప్పుడే కోరు, తీర్పు వచ్చేదాకా ఆగకు. నేను వాడిన దరఖాస్తు నమూనా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రెండో పేరాలో వస్తువుల జాబితా పాత కేసుది, దాన్ని మార్చుకో. నీ క్లయింటు చెప్పులు స్వాధీనం చేసుకున్నారేమో పంచనామాలో ఒకసారి చూడు.

శుభాశీస్సులతో,
నీ సీనియర్