పాత కారులో పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తుంటే…

ప్రశ్న: నా దగ్గర 1960ల నాటి కారు ఉంది. ట్యాంకు నిండా పోయించినా పెట్రోల్ గేజ్ ముల్లు ముప్పావు దాటదు. ఇంకా పెట్రోల్ మిగిలి ఉండగానే సున్నాకు దిగిపోతుంది. తాళం తిప్పాక ముల్లు మెల్లగా లేస్తుంది. పక్కనున్న ఇంజిన్ వేడి గేజ్ కూడా కరెంటుదే. అది సరిగానే చూపిస్తోంది. పెట్రోల్ గేజ్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: అప్పుడే వద్దు. ముల్లు మెల్లగా లేస్తోందంటే, రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగడం వల్ల పనిచేసే గేజ్ అయి ఉంటుంది. అలాంటి కార్లలో సాధారణంగా రెండు గేజ్‌లకూ ఒకే వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి అది సగటున 10 వోల్టులు అందిస్తుంది. అది చెడితే రెండు ముళ్లూ కలిసే దారి తప్పుతాయి కనుక, మీరు ట్యాంకు వైపే చూడాలి.

ఈ రకంలో ట్యాంకులో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ పైకి లేచేకొద్దీ, కడ్డీతో దానికి కలిసి ఉండి గేజ్‌కు మట్టం తెలిపే సెండర్ అనే భాగపు రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) తగ్గి, కరెంటు పెరిగి, ముల్లు పైకి వెళుతుంది. అందువల్ల తుప్పు వల్లనో, రంగు వల్లనో సెండర్‌కు ఎర్త్ (కారు బాడీతో కరెంటు కనెక్షన్) సరిగా అందకపోయినా, కరెంటు తగ్గి ముల్లు తక్కువే చూపిస్తుంది. నా అనుమానం ముందుగా దాని మీదే. ఇగ్నిషన్ ఆపి, సెండర్ పైభాగపు లోహం నుంచి ఛాసిస్‌లో శుభ్రంగా గీకిన చోటికి ఒక వైరు బిగించి, తర్వాత తాళం తిప్పి చూడండి. ముల్లు లేస్తే ఆ వైరునే శాశ్వతం చేయవచ్చు.

లేవకపోతే సెండర్‌ను బయటికి తీయక తప్పదు. బ్యాటరీ కనెక్షన్ తీసి, ట్యాంకు ఖాళీ చేసి, ఆరుబయట పని మొదలుపెట్టండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా అంటుకుంటుంది కాబట్టి, బిగింపు రింగును ఇనుప ఉలితో కాక ఇత్తడి లేదా చెక్క ముక్కతో తట్టాలి. ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోల్ కదులుతున్న చప్పుడు వస్తే, దానికి చిల్లు పడి కొంత మునిగి తేలుతోందని అర్థం; దాన్ని మార్చండి, టంకం పెట్టే సాహసం చేయకండి.

ఫ్లోట్ బాగుంటే, సెండర్‌కు మల్టీమీటర్ (రెసిస్టెన్స్ కొలిచే మీటర్) తగిలించి ఫ్లోట్ కడ్డీని నిదానంగా కదపండి. అంకె ఎక్కడా గెంతకుండా మారాలి. గెంతితే సెండర్ మార్చాలి, కానీ చేతికందినది వేయకూడదు: పాత ఫోర్డ్ గేజ్‌లకు ఖాళీ ట్యాంకు దగ్గర 73, నిండినప్పుడు 10 ఓమ్‌లు కావాలి, జనరల్ మోటార్స్‌వి చాలావరకు దీనికి తలకిందులుగా 0 నుంచి 90 దాకా వెళతాయి. చివరగా కడ్డీని కొద్దిగా వంచి సరిచేసేటప్పుడు, ‘ఖాళీ’ గుర్తు కచ్చితంగా ఉండేలా చూసుకోండి. ట్యాంకు ఆకారాన్ని బట్టి ‘సగం’ దగ్గర కొంత తేడా వస్తే పట్టించుకోనక్కరలేదు.