సునాబెడ చలికి పాత చీరల బొంత, ఉలవచారు, పొంగని ఇడ్లీ పిండి

విశాఖ నుంచి ఒడిశా కొరాపుట్ కొండల్లోని సునాబెడ క్వార్టర్స్‌కి మారామని, ఆరు పాత నూలు చీరలున్నాయని, వాటితో బొంత కుడితే రెండు ఉతుకులకే లోపలి గుడ్డ ముద్దకట్టకుండా ఎలా కుట్టాలని అడిగారు. ఉలవచారు చిక్కబడటం లేదనీ, ఇడ్లీ పిండి పొంగడం లేదనీ కూడా రాశారు. మూడూ ఈ చలితో ముడిపడ్డవే. బొంతతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ఎండ కావాలి. సేమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు దీపావళి దాటాక పొద్దున పూట మంచు వదలదు, బరువైన గుడ్డ ఆరడానికి పగలు నాలుగైదు గంటలే గట్టి ఎండ దొరుకుతుంది. చీరలు ఉతికి ఆరేసే పని మాత్రం ఈ వారంలోనే కానివ్వండి. కుట్టు తర్వాత నెమ్మదిగా సాగినా ఫర్వాలేదు.

ముందుగా ఒక మాట. ఆరు చీరలూ ఒకే బొంతలో పెట్టకండి. గుడ్డ బరువు కాదు వెచ్చగా ఉంచేది, పొరల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పన్నెండు పొరలు కలిపి బిగించి కుడితే ఆ గాలి బయటికి పోతుంది, సూది దిగదు, ఉతికితే రెండు రోజులైనా లోపల తడి ఉండి ముక్కిన వాసన పట్టేస్తుంది. మూడేసి చీరలతో ఆరు పొరల బొంతలు రెండు కుట్టండి. కార్తీకంలో ఒకటి చాలు, పుష్యంలో ఒకదాని మీద ఒకటి వేసుకోండి. రెండు బొంతల నడుమ ఉండే గాలి కూడా పనిచేస్తుంది కనుక, ఒక్క లావుపాటి బొంత కన్నా ఇవే బాగా ఆపుతాయి.

చీర పూర్తిగా నూలుదో కాదో అనుమానముంటే అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి చివర నల్లటి పూసలా గట్టిపడుతుంది. అలాంటిది లోపల పెట్టొద్దు. నూలు ముడుచుకుంటుంది, పాలిస్టర్ ముడుచుకోదు, దాంతో ఉతికాక బొంత అంతా బుడగలు లేస్తుంది. చీర ఫాల్ విప్పడం చాలామంది మరిచిపోతారు. కిందనుండే ఆ నాలుగైదు అంగుళాల పట్టీ కూడా ఇదే గొడవ చేస్తుంది, పైగా ఆ మేర సూది కష్టంగా దిగుతుంది. జరీ అంచు కూడా కత్తిరించెయ్యండి, అది లోపల్నుంచి గుచ్చుకుంటుంది.

గంజి పూర్తిగా పోవాలి. గంజి ఉన్న గుడ్డని బొంతలో పెడితే పురుగు పడుతుంది. వేడినీళ్లలో చారెడు చాకలిసోడా వేసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు రెండు నీళ్లు మార్చి జాడించండి. ఎర్ర చీర, ముదురు నీలం చీర ఉంటే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే దాన్ని లోపలి పొరగా కూడా వాడొద్దు, పై చీరకి మరకలు తేలతాయి. పైన కొత్త గుడ్డ వేయాలనుకుంటే దాన్నీ ముందే తడిపి ఆరెయ్యాలి. కొరాపుట్ జిల్లా కొట్‌పాడ్ ఊరి నేత గుడ్డ మీ ఇంట్లో ఉంటే మాత్రం పొరగా వాడి వృథా చెయ్యకండి. 2005లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన నేత అది. రెండంగుళాల పట్టీగా కోసి బొంత చుట్టూ అంచు వేస్తే అందమూ వస్తుంది, త్వరగా నలిగే అంచుకి బలమూ వస్తుంది.

ఇక కొలతలు. ఐదున్నర మీటర్ల చీర అంటే సుమారు 18 అడుగులు. చిరుగులు, నలిగిన కొంగు తీసేసి ఏడున్నర అడుగుల ముక్కలు రెండు తీయండి. పన్నా 46 అంగుళాల దాకా ఉంటుంది, ఒక మనిషికి అది సరిపోతుంది. మూడు చీరలకి ఆరు ముక్కలు. గట్టిగా ఉన్న చీర ముక్కలు అడుగున ఒకటి, పైన ఒకటి, నలిగినవి నాలుగూ మధ్యలో. ఇద్దరికి కావాలంటే రెండు పన్నాలు జోడించాలి, చీరలూ రెట్టింపు అవుతాయి. అప్పుడు జోడింపు కుట్లు అన్ని పొరల్లోనూ ఒకే చోటికి రానివ్వకండి, నడుమ లావుపాటి గట్టు తేలుతుంది. ఒక పొరలో కుట్టు మధ్యకి, తర్వాతి పొరలో జానెడు పక్కకి వేసుకోండి.

ముద్దకట్టడానికి అసలు కారణం పొరలు పరిచే దగ్గరే మొదలవుతుంది. ఆరు ముక్కలూ ఇస్త్రీ చేసి, ఊడ్చి తుడిచిన నేలమీద ఒక్కో పొరా పరచండి. ప్రతి పొరా నడుమ నుంచి నాలుగు పక్కలకీ అరచేత్తో నిమరాలి, గుంజకూడదు. గుంజి పరిచిన పొర కుట్టు పడ్డాక వెనక్కి ముడుచుకుని మిగతావాటిని లాక్కుపోతుంది. అన్నీ పరిచాక టాకాలు, అంటే తర్వాత విప్పేసే పెద్ద పెద్ద కుట్లు, వెయ్యండి. మొదట నడుమ నుంచి నిలువుగా, అడ్డంగా ఒక్కో వరస, తర్వాత మూల నుంచి మూలకి రెండు వరసలు, ఆపైన జానెడు దూరానికొకటి. టాకా దారం వేరే రంగుదైతే విప్పేటప్పుడు తేలిక. పిన్నీసులు పెడితే త్వరగా అవుతుంది గానీ, పాత గుడ్డకి చిల్లులు పడతాయి, కుట్టేటప్పుడు దారం వాటికే తగులుకుంటుంది. టాకాల్లో పొదుపు చేస్తే మిగతా పనంతా వృథా.

దబ్బనం వద్దు, గోనెసంచులకి వాడేది ఇది. పాత నూలు మీద అది చేసిన చిల్లు మూసుకోదు, ఉతికేకొద్దీ చినుగు అక్కణ్నుంచే పాకుతుంది. రెండంగుళాల సన్న సూది, కన్ను పొడుగ్గా ఉన్నది తీసుకోండి. దారం నూలుదే. పాలిస్టర్ దారం గట్టిదే, ఆ గట్టిదనమే పాత గుడ్డని బ్లేడులా కోస్తుంది. మూరన్నర పొడవు తీసి రెండు పేటలు చేసి, తేనెమైనం మీద రెండుసార్లు లాగండి, మెలి పడదు. అంతకన్నా పొడుగు దారం తీస్తే గుడ్డలోంచి పదే పదే లాగినందుకే నూగులేచి తెగుతుంది.

కుట్టు పావంగుళం, వరసకి వరసకి మధ్య అంగుళంన్నర. ఇదే అసలు లెక్క. మూడంగుళాలు వదిలితే లోపలి పొరలు జారి మూలకి చేరతాయి, అరంగుళానికొకటి వేస్తే బొంత అట్టలా బిగుసుకుని వెచ్చదనం పోతుంది. లోపలి చీరలు మరీ జీర్ణమైనవైతే అంగుళానికి దింపండి. 46 అంగుళాల వెడల్పుకి ముప్పై నిలువు వరసలు వస్తాయి, రెండు పేటల దారం సుమారు 170 మీటర్లు పడుతుంది, 200 మీటర్లు ఒకే రంగులో ముందే కొని పెట్టుకోండి. నడుమ వరసతో మొదలుపెట్టి ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వేసుకుంటూ బయటికి వెళ్లండి. జరిగే గుడ్డ అంచుకి పోతుంది, అక్కడ కత్తిరించెయ్యొచ్చు. అందుకే అంచు చిట్టచివర. ముందే అంచు మూసేస్తే జరిగిన గుడ్డకి పోయే దారి లేక మధ్యలో పొంగుతుంది. అంచు నుంచి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వచ్చే పద్ధతీ ఉంది, చాలా చక్కగా ఉంటుంది, కానీ చేయి తిరిగినవాళ్లకే. ముడి పొరల మధ్యకి లాగి, అంగుళం దారం లోపలే వదిలి తెంచండి. ముడికి ఆనుకుని తెంచితే రెండో ఉతుక్కి ఊడుతుంది.

మెషీన్ మీద అయితే 16 నంబరు సూది, కుట్టు పొడవు బాగా పెంచి, గుడ్డని నొక్కిపట్టే పాదం ఒత్తిడి తగ్గించి కుట్టొచ్చు. పై పొర ముందుకు పాకుతుంది కనుక టాకాలు ఇంకా దగ్గరగా వేయాలి. చేతి కుట్టంత మెత్తదనం రాదు.

ఉతకడం చలికాలం మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చాలు, నడుమ వారానికోసారి ఎండలో వేసి దులపండి. పిండకండి. ఒక్క తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి కుట్లు సాగుతాయి, రెండు తీగల మీద పరిచినట్టు వెయ్యండి. ఇంకోటి, డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుందని గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుంటారు. అది ప్రాణం తీస్తుంది, ఆ విషవాయువుకి వాసన ఉండదు. ఇంకో బొంత కప్పుకోండి గానీ కుంపటి గదిలో వద్దు.

మిగిలిన ముక్కలతో గిన్నెకి సంచి కుట్టండి. మీ ఇడ్లీ పిండి బాధకి మందు అదే. పది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తున్న గిన్నెకి 35 అంగుళాల పొడవు, 17 అంగుళాల ఎత్తు పట్టీ, అడుగుకి 12 అంగుళాల గుండ్రటి ముక్క, రెండూ ఎనిమిది పొరల్లో. బొందు దూర్చే మడత మాత్రం బయటి రెండు పొరల్లోనే వెయ్యాలి, ఎనిమిది పొరలకీ కలిపి వేస్తే నోరు కుచ్చుపడదు, మూసుకోదు. నూలు తప్ప ఏదీ వాడొద్దు, పొయ్యి దగ్గర ఉంచొద్దు. ఇందులో పెట్టిన అన్నం పన్నెండుకి వండితే రెండింటికీ పొగలు కక్కుతుంది.

పిండికి మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ నూక రెండు గ్లాసులు, అరచెంచా మెంతులు. నానబెట్టేది గోరువెచ్చటి నీళ్లలో, రుబ్బేటప్పుడు చిలకరించేదీ గోరువెచ్చటి నీళ్లే. కుళాయి నీళ్లు అక్కడ చలికి మంచులా ఉంటాయి, పిండి చల్లబడిపోతే పులుపు పట్టడం పొద్దున్నకి కూడా మొదలవ్వదు. ఉప్పు రుబ్బగానే వెయ్యకండి, అది ఇంకా నెమ్మది చేస్తుంది. చేత్తో బాగా కలిపి, గిన్నె సగానికే నింపి సంచిలో పెట్టి, పక్కన వేడినీళ్ల సీసా ఒకటి దూర్చండి. పన్నెండు నుంచి పదహారు గంటలు ఇవ్వాలి, అంటే రేపటి టిఫినుకి ఈరోజు మధ్యాహ్నమే రుబ్బాలి. తెల్లారినా లేవకపోతే గిన్నెని గోరువెచ్చటి నీళ్ల పళ్లెంలో గంటో రెండు గంటలో ఉంచండి. పొయ్యి మీద పెడితే అంచుల్లో పిండి ఉడికిపోతుంది. వంటసోడా వేస్తే ఇడ్లీ లేస్తుంది గానీ రుచి రాదు.

ఉలవచారు చిక్కబడకపోవడానికి సగం కారణం మీ ఊరి ఎత్తే. దాదాపు 900 మీటర్ల ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మూత లేని గిన్నెలో ఉలవల్లాంటి గట్టి గింజ విశాఖలో ఉడికినట్టు ఉడకదు. కుక్కరే దారి. రెండో కారణం గింజ పాతదవడం. కొత్త ఉలవలు సంక్రాంతి ముందు గానీ సంతకి రావు, ఇప్పుడు దొరికేవి నిరుటివి, వీటికి పన్నెండు గంటల నానుడు కావాలి. సంతలో ఉలవల్ని ఒడియాలో కొళొథొ అనడిగితే ఇస్తారు. ఇంట్లో తప్పకుండా గాలించండి, ఉలవ రంగులోనే ఉండే చిన్న రాళ్లు చేటలో కనబడవు, నీళ్లలో పళ్లెం ఊపితేనే అడుగున ఆగుతాయి.

ఐదు లీటర్ల కుక్కర్లో పావుకిలో ఉలవలు, లీటరున్నర నీళ్లు, అంతకుమించి నింపొద్దు. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పొయ్యండి. మొదటి కూత రాగానే మంట తగ్గించి నలభై ఐదు నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగాక గింజని వేళ్ల మధ్య నొక్కితే పిండిలా మెదగాలి, పప్పులా విడిపోతే ఇంకో పావుగంట పెట్టండి. చింతపండు ఇక్కడ వెయ్యకూడదు, పులుపు తగిలితే గింజ గట్టిపడి రసం దిగదు. చిక్కబడలేదంటే చాలాసార్లు జరిగేది ఇదే. కట్టు, అంటే ఉలవలు ఉడికిన నీళ్లు, వడకట్టి, ఉడికిన ఉలవల్లో రెండు గుప్పిళ్లు మెత్తగా రుబ్బి అందులోనే కలపండి. ఇప్పుడు నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, కారం, పసుపు వేసి, సన్నటి మంట మీద మూత లేకుండా సగానికి దిగేదాకా మరిగించాలి. గంట పడుతుంది. అడుగంటే ముప్పు చివరి పావుగంటలోనే, అప్పుడు గరిటె వదలొద్దు. గరిటె వెనక గీత గీస్తే చారు వెంటనే కలవకుండా ఒక క్షణం ఆగాలి, అదే గుర్తు.

తాలింపుకి నూనె ఓ రెండు చెంచాలు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి మూడు, దంచిన వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, కరివేపాకు. ఉల్లి ఎర్రబడ్డాకే చారులో వెయ్యాలి. ఇంగువ అక్కర్లేదు, ఉలవ వాసనని కప్పేస్తుంది. కొరాపుట్ కాలాజీరా బియ్యం ఎంతో మంచివే గానీ, ఈ చారుకి పెట్టకండి, రెండు సువాసనలూ పోట్లాడుకుంటాయి. మామూలు అన్నం, వేడిగా, పైన మీగడ.

మిగిలిన ఉలవల్ని ఉల్లి, పచ్చిమిర్చి, కొబ్బరికోరుతో తాలింపు వేస్తే సాయంత్రానికి గుగ్గిళ్లు. రసం చారులోకి దిగిపోయింది కనుక చప్పగా ఉంటాయి, కాస్త ఉప్పు, నిమ్మరసం ఎక్కువ పట్టిస్తే సరి.