చేతికింద ఎవరూ లేని లీడర్: డబ్లిన్‌కు బయల్దేరుతున్న మన బరంపురం పిల్లలకు

ఒడిశాలోని ఛత్రపురం నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, వచ్చే నెల ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో జాయినవుతున్నాను. ఇంటర్వ్యూలో లీడర్‌షిప్ గురించే తిప్పితిప్పి అడిగారు. నా కింద ఒక్క మనిషి కూడా ఉండడు కదా, నాకెందుకా ప్రశ్న? అక్కడ మేనేజర్‌తో ఎలా మెలగాలి?" రాయగడ, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు. అందుకే జవాబు అందరికీ కలిపి రాస్తున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. చెడ్డ కబురు వినగానే, చెప్పిన మనిషి మీద విరుచుకుపడకుండా జరగాల్సిన పని చూసేవాడే లీడర్. ఆ గుణం మేనేజర్‌కు ఉండాలి. ఆ కబురు ఆలస్యం చేయకుండా చెప్పే గుణం మనకు ఉండాలి. తమ్ముడూ, ఇంటర్వ్యూలో వాళ్లు నీలో వెతికింది ఈ రెండోదాన్నే.

నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. ఒక బ్యాచ్ తయారవుతున్నప్పుడు చేసిన ప్రతి పనీ బ్యాచ్ రికార్డులోకి ఎక్కాలి. తప్పు అంకె రాశామనుకో, దాని మీద దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. ఒకే ఒక్క అడ్డగీత గీయాలి. పాత అంకె కింద కనబడుతూనే ఉండాలి. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, ఎందుకు మార్చామో కారణం రాయాలి. అంటే ఇక్కడ తప్పు రాయడం నేరం కాదు, రాసినదాన్ని కనబడకుండా చేయడం నేరం. ఇది ఒంటబట్టడానికి మన పిల్లలకు కొంతకాలం పడుతుంది.

కొత్తగా చేరిన మన తెలుగు కుర్రాడొకడు రాత్రి షిఫ్టులో ఉన్నాడు. టెంపరేచర్ కాసేపు హద్దు దాటి, దానంతటదే దిగిపోయింది. దిగిపోయింది కదా, ఇంక చెప్పడమెందుకు అని ఊరుకోవచ్చు. కానీ అతను వెళ్లి షిఫ్టు లీడ్‌కు చెప్పాడు. ఆవిడ ఐరిష్ ఆవిడ. మొదట అడిగింది, "ఇప్పుడెంత ఉంది?" తర్వాత, "బ్యాచ్ ఎక్కడిదాకా వచ్చింది?" ఆ తర్వాత, "నువ్వు ఎప్పుడు గమనించావు?" ఎవరు చేశారని మాత్రం అడగలేదు. బ్యాచ్‌ను పక్కన ఆపించి, అతని దగ్గరే కూర్చుని, జరిగిన తేడాను నమోదు చేసే డీవియేషన్ రిపోర్టు రాయించింది. విచారణలో వాల్వ్ సరిగా మూసుకోవడం లేదని తేలింది. ఆ వారం మీటింగులో పెద్దవాళ్లందరి ముందూ, ఇది పట్టుకున్నది ఫలానా అబ్బాయని పేరు పెట్టి చెప్పింది. ఆ షిఫ్టులో ఆవిడ దగ్గర ఏదైనా దాచాలని ఇంకెవరికీ అనిపించకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

మనకు ఇది ఎందుకు కష్టమంటే, పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదని పెరిగాం. "ఎప్పటికవుతుంది?" అంటే "శుక్రవారానికి అయిపోతుంది సార్" అంటాం. కాదని తెలిసినా మర్యాద కోసం అంటాం. ఇక్కడ నువ్వు శుక్రవారం అంటే అది ప్లాన్‌లోకి ఎక్కుతుంది, నీ వెనక మరో నలుగురి పని దానికి ముడిపడుతుంది. కాదని బుధవారమే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. శుక్రవారం సాయంత్రం చెబితే నమ్మకం పోతుంది. చెప్పేటప్పుడు కూడా ఊరికే "అవట్లేదు" అనకు. ఎక్కడ ఆగింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది, నీ ఉద్దేశంలో ఏం చేస్తే బాగుంటుంది, ఇంతవరకూ చెప్పు. ఆ చివరిది మన పిల్లలు మింగేస్తారు. మేనేజర్ ఎదురుచూసేది దానికోసమే.

బరంపురంలో గిరి మార్కెట్ మీదుగా తిరగని వాళ్లు మనలో లేరు. ఆ వి.వి. గిరి గారు 1894లో మన బరంపురంలోనే పుట్టారు. 1913లో లా చదవడానికి ఇదే డబ్లిన్‌కు వచ్చారు. యూనియన్‌ను వదలబోమన్న కార్మికులను యజమానులు గేటు బయట నిలబెట్టిన ఏడాది అది. ఆ లాకౌట్ 1914 జనవరి దాకా సాగింది. ఆ పోరాటం నడిపిన జిమ్ లార్కిన్ విగ్రహం, రెండు చేతులూ పైకెత్తి, ఓకానెల్ స్ట్రీట్‌లో ఉంది. వచ్చిన మొదటి ఆదివారం వెళ్లి చూడు. గిరి గారు 1916లో ఐర్లండ్ వదిలి రావలసి వచ్చింది. వచ్చాక రైల్వే కార్మికుల పక్షాన నిలబడ్డారు, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి, 1954లో ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. 1969లో రాష్ట్రపతి అయిన సంగతి అందరూ చెప్పుకుంటారు. నా లెక్కలో మాత్రం ఆ రాజీనామాయే పెద్దది. మూడోవాడి తీర్పు కోసం చూడకుండా యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పద్ధతి. మన ఊరి మనిషిది ఇంతటి చరిత్ర ఉండగా, మీటింగులో నోరు విప్పడానికి మనం జంకడమేమిటి?

మనకు పుట్టుకతో వచ్చిన ఇంకో బలం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, రైల్లో హిందీ. పక్కన ఒడియా స్నేహితుడు కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే మాట మార్చుకునేవాళ్లం. ఇక్కడ టీమ్‌లో పోలండ్ వాళ్లు, బ్రెజిల్ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఉంటారు. క్యాంటీన్‌లో నలుగురు తెలుగువాళ్లం ఒక బల్ల దగ్గర చేరి, అయిదో మనిషికి అర్థం కాకుండా మాట్లాడుకోవద్దు. మీటింగులో ఎవరు మాట్లాడలేకపోతున్నారో చూడు, "నువ్వేమంటావు?" అని అడుగు. ఆ పని చేయడానికి హోదా అక్కర్లేదు. సరిహద్దు జిల్లాల పిల్లలకు అది ఇట్టే వస్తుంది.

నోరు విప్పితే వీసా పోతుందేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. ఇక్కడ పనిచేయడానికి ఇచ్చే పర్మిట్ కంపెనీతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే 2024 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, మొదటి యజమాని దగ్గర 9 నెలలు నిండాక వేరే యజమాని దగ్గరకు మారే వీలుంది. జీతం, పని గంటలు, సెలవుల విషయంలో అన్యాయం జరిగితే వర్క్‌ప్లేస్ రిలేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అది 2015 నుంచి పనిచేస్తోంది.

ఇప్పుడు టీమ్ లీడ్‌లు అయిన మన అన్నలకూ అక్కలకూ ఒక మాట. తమ్ముళ్లూ, మీరూ వినండి, రేపు ఆ కుర్చీలో మీరే కూర్చుంటారు. ఐరిష్ జూనియర్‌కు సాయంత్రం అయిదు దాటాక మెసేజ్ పెట్టడానికి వెనకాడే మనిషి, తెలుగు జూనియర్‌కు ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాడు. మనవాడే కదా, ఏమీ అనుకోడులే అని. అతను అనుకుంటాడు, పైకి అనలేడు, అంతే. పర్మిట్ కాగితం, ఊళ్లో తీరాల్సిన అప్పు రెండూ అతని నోరు కట్టేస్తాయి. మనవాడని చనువు తీసుకుని అతని ఆదివారం లాక్కోవడం నాయకత్వం కాదు, దోపిడీ. పని వేళలు దాటాక పనికి దూరంగా ఉండే హక్కు గురించి 2021 ఏప్రిల్ 1న ఇక్కడ ఒక నియమావళి వచ్చింది. అవతలివాళ్ల ఆ హక్కును గౌరవించడం మన బాధ్యత అని కూడా అందులో ఉంది. మనవాడి మీద అభిమానం ఉంటే, మీటింగులో అతని పని అతని పేరుతో చెప్పండి. ప్రమోషన్ల వేళ అతని తరఫున మాట్లాడండి.

ఛత్రపురం తమ్ముడూ, మొదటి వారంలో మేనేజర్ నిన్ను ఒక్కడినే కూర్చోబెట్టి మాట్లాడతారు. ఏమైనా అడగాలా అంటే తల అడ్డంగా ఊపకు. "ఏదైనా తేడా వస్తే మీకు ఎలా చెప్పాలి? ఫోన్ చేయాలా, మెసేజ్ పెట్టాలా, నేరుగా వచ్చేయాలా?" అని అడుగు. మంచి మేనేజర్ అయితే వెంటనే సూటిగా చెబుతారు. నవ్వేసి దాటేస్తే, టీమ్‌లో పాతవాళ్లు ఎలా చెబుతున్నారో గమనించు. ఏదైనా మొదటి వారంలోనే అడుగు. మూడు నెలలయ్యాక అడిగితే ఏదో జరిగి ఉంటుందనుకుంటారు.