గాలిమర కరెంటు: స్విచ్ కట్టేస్తే ఆగేది కాదండీ

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, మూడంతస్తుల డాబా. ఆన్‌లైన్లో కిలోవాటు గాలిమర ఒకటి తెప్పించాను, 24 వోల్టులది. మేడ మీద పైపు నిలబెట్టి బిగిస్తే అక్కణ్ణుంచి కింద బ్యాటరీల దాకా 20 మీటర్ల వైరు పడుతుంది. మా ఎలక్ట్రీషియన్ ఇంటి వైరింగుకి వాడే రెండున్నర స్క్వేర్ ఎంఎం వైరే చాలంటున్నాడు, మధ్యలో మామూలు ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్) పెడితే కావలసినప్పుడు ఆఫ్ చేసుకోవచ్చట, పాత సోలార్ కంట్రోలర్ (బ్యాటరీ ఛార్జింగుని అదుపు చేసే డబ్బా) ఇంట్లో ఉంది కాబట్టి దానికే కలిపేద్దామంటున్నాడు. కానివ్వమంటారా?

జవాబు: కాస్త ఆగండి, ఆయన చెప్పిన మూడూ ఇక్కడ పనికిరావు. ఆయన తప్పు కూడా కాదులెండి, ఇళ్ల వైరింగు చేసేవాళ్లకి ఇది కొత్త సరుకు.

సోలార్ ప్యానెల్ వైరు ఊడదీస్తే అది ఎండలో ఊరికే పడుంటుంది. గాలిమర అలా కాదు, బ్యాటరీ కరెంటు లాగుతున్నంతసేపే దానికి బరువు, ఆ బరువే దాని పగ్గం. మీరు ఎంసీబీ ఆఫ్ చేశారా, కాడి దించిన గిత్తలాగా ఉరుకుతుంది, రెక్కల వేగం పెరిగేకొద్దీ వోల్టేజీ కూడా ఎగబాకుతుంది. ఇది నేను చూసి నేర్చుకున్నది కాదు, చేసి నేర్చుకున్నది. తెనాలి దగ్గర మా బావమరిది పొలంలో ఇలాంటిదే ఉండేది, ఆషాఢం గాలి గట్టిగా వీస్తోంది, బ్యాటరీ లగ్గు (వైరు చివర బిగించే ముక్క) ఒకటి వదులై గోధుమరంగుకి మాడి ఉంటే బిగిద్దామని అలవాటుకొద్దీ ముందు బ్యాటరీ వైరు తీసేశాను. పైన సన్నగా ఈల మొదలైంది, మీటరు పెట్టి చూస్తే 24 వోల్టుల మిషను 90 దాటి చూపిస్తోంది, నేను నోరు తెరిచేలోపే కంట్రోలర్లో టప్‌మని ఒక్క చప్పుడు, గదంతా మాడిన చేపల కంపు. వాడు ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే ఈల వేస్తాడు.

కాబట్టి మీక్కావలసింది ఆఫ్ స్విచ్ కాదు, బ్రేక్ స్విచ్. పైనుంచి మూడు తీగలొస్తాయి కదా, ఆ మూడింటినీ కలిపి షార్ట్ చేసే స్విచ్ అన్నమాట. షార్ట్ చేస్తే రెక్కలు బరువెక్కి మెల్లగా తిరుగుతాయి. అయితే గాలి ఉధృతంగా ఉన్నప్పుడు ఠక్కున వేస్తే లోపల వైండింగ్ (రాగి తీగ చుట్ట) మాడే ప్రమాదముంది, గాలి తగ్గిన అదను చూసి వేయాలి, బ్రేక్ పడ్డాకే బ్యాటరీ జోలికెళ్లాలి. తుపాను కబురు వింటే ముందురోజే వేసుకోండి, వీలైతే పైపునే పడుకోబెట్టేలా అడుగున మడత బందు పెట్టించుకోండి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మీ గుంటూరులో గాలి ఎలా కొట్టిందో గుర్తుంది కదా.

సోలార్ కంట్రోలర్ పనికిరాకపోవడానికీ ఇదే కారణం. బ్యాటరీ నిండగానే అది ప్యానెల్‌ని విడదీసి ఊరుకుంటుంది, గాలిమరకి అదే చేస్తే మళ్లీ పగ్గం తెగినట్టే. దీని కంట్రోలర్ మిగులు కరెంటుని డంప్ లోడ్ అనే హీటర్ కాయిల్‌కి మళ్లించాలి, ఆ కాయిల్ మిషను పూర్తి వాటేజీని తట్టుకోవాలి, బాగా కాలుతుంది కాబట్టి చెక్కకీ గుడ్డకీ దూరంగా గోడకి బిగించాలి. దాని మీద తడి బట్టలు ఆరేద్దామన్నవాళ్లని కూడా చూశాను.

బ్యాటరీ వైపు డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది, ఎంసీబీలో పుట్టే నిప్పురవ్వ అక్కడ ఆరిపోతుంది, డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ అలాగే సాగి డబ్బాని కాల్చేస్తుంది. డీసీ అని రాసి ఉన్న బ్రేకరే తీసుకోండి, ప్లస్ మైనస్ గుర్తులుంటే తిరగేయకండి. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. పైనుంచొచ్చే మూడు తీగలకి మాత్రం మాన్యువల్ చెప్పకుండా ఫ్యూజు పెట్టొద్దు, అది పోయిందంటే మళ్లీ గిత్త కథే.

ఇక వైరు. కిలోవాటుని 24తో భాగించండి, దాదాపు 42 ఆంపియర్లు. 20 మీటర్ల దూరానికి రెండున్నర వైరేస్తే సుమారు 500 వాట్లు, అంటే సగం కరెంటు, వైరు వేడెక్కడానికే పోతుంది, పైగా ఆ వేడికి ఇన్సులేషన్ మెత్తబడుతుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి వేస్తే నష్టం 80 వాట్లకి దిగుతుంది. మిషను మార్చుకునే వీలుంటే 48 వోల్టులది తీసుకోండి, 6 వైరుతోనే 50 వాట్ల దగ్గర సరిపోతుంది.

అడగలేదు గానీ చెప్తున్నా, గాలి సగానికి తగ్గితే కరెంటు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, చుట్టూ అపార్టుమెంట్లున్న బ్రాడీపేటలో ఆ కిలోవాటు మీకు కనబడే రోజులు బహు తక్కువ.

ప్రశ్న: విజయవాడ సింగ్ నగర్ మాది. 2024 సెప్టెంబరు బుడమేరు నీళ్లలో కింద పెట్టిన బ్యాటరీలు, బోర్డు మునిగాయి. బోర్డు ఆరబెట్టాం, వాడొచ్చా? బ్యాటరీలు మేడ మీద మెట్ల గదిలో పెడితే?

జవాబు: బోర్డు డబ్బా కడిగి వాడుకోండి, మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే పడిపోయే స్విచ్) మాత్రం మార్చాల్సిందే, లోపల బురద చేరితే పడాల్సినప్పుడు పడవు. మెట్ల గది మంచిదే, కాకపోతే లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతాయి, అది గాలిలో 4 శాతం చేరితే చాలు ఒక్క రవ్వకి అంటుకుంటుంది, అందుకని పైన జాలీ కిటికీ ఉండాలి, ఇన్వర్టర్ని సరిగ్గా బ్యాటరీల నెత్తిన పెట్టకూడదు. గాలిమర పైపుకి ఎర్తింగు గట్టిగా వేయించండి, వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండండి. ఇంకోటి, గ్రిడ్ లేకుండా ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు దాని న్యూట్రల్ ఎర్త్‌కి ఒకచోట కలిసి లేకపోతే షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు, ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు గాలిమర ఇన్వర్టర్ నుంచి వైరు తెచ్చి హాల్లో సాకెట్లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందని మా తమ్ముడు రెండు చివర్లా ప్లగ్గులున్న వైరు చేసిచ్చాడు. పర్లేదా అండీ?

జవాబు: వద్దమ్మా. మెయిన్ ఆఫ్ చేయడం ఒక్కసారి మర్చిపోయినా మీ కరెంటు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురెక్కి పైన 11 వేల వోల్టులుగా మారగలదు, లైను చచ్చిందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ గతేంటి? ఫేజూ న్యూట్రల్ రెండూ మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. ఆ వైరు ఒక చివర గుచ్చి ఉంటే రెండో చివర పిన్నులు పట్టుకున్నవాళ్లకి షాకే, పిల్లలున్న ఇల్లు, ఇవాళే మీ తమ్ముడి చేతే ఒక ప్లగ్గు కోయించేయండి.